పాలివ్వని ఆవుల బాట

మా అవ్వకు ఇద్దరితో పడేది కాదు. ఒకరు మా బాపు, ఆమె కన్నకొడుకు. రెండోది మనిషి కాదు, అటవీ శాఖ వాళ్లు పాతిన హద్దురాయి.

మా ఊరు అచ్చంపేట దాటాక, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో మాది ఇంకా పాలమూరు జిల్లానే. తర్వాత జిల్లా మారింది గాని మా నోళ్లు మారలేదు. మా మెట్టచెలక చివర ఒక ఇప్పచెట్టు ఉంది. అది హద్దురాయికి అవతల, అడవిలో పడింది. అవ్వ లెక్కలో చెట్టు ఉండాల్సిన చోటే ఉంది, రాయే దారి తప్పి వచ్చింది. పువ్వు ఏరుకోవడానికి అటవీ శాఖ వాళ్లు అడ్డుచెప్పేవారు కాదు, కాని వాళ్లు వద్దంటే మాత్రం అంతే సంగతి. పెళ్లయి వచ్చిన ఏడాది అత్తగారు చెయ్యిపట్టి తీసుకెళ్లి చూపించిన చెట్టు అది. దాని మీద ఈగ వాలినా అవ్వ ఊరుకునేది కాదు.

హోలీ దాటగానే చెట్టు కింద ఎండాకు అడుగు మందం పరుచుకుంటుంది. అందులో రాలిన పువ్వు కనపడదు. అందుకని పువ్వు పడే ముందు అవ్వ ఆ ఆకుకు అగ్గి పెట్టేది. చేతిలో పచ్చికొమ్మ పట్టుకుని, మంట చెలక వైపు వస్తే చరిచి ఆర్పేది. అడవి వైపు పోతే పోనిచ్చేది. అటు కొంచెం దూరంలో పశువుల బాట ఉండేది. ఊరి ఆవులన్నీ పొద్దున అడవికీ, సాయంత్రం ఇంటికీ నడిచి నడిచి, బండి పట్టేంత వెడల్పున నేలను నున్నగా తొక్కేశాయి. గడ్డిపోచ మొలిచేది కాదు. మంట అక్కడిదాకా వెళ్లి, తినడానికి ఏమీ లేక చచ్చిపోయేది. తెల్లారి ఆ నల్లటి నేల మీద పువ్వు తెల్లగా పడి ఉంటే, గంప నిండడం ఎంతసేపు? నా చిన్నప్పుడు నేను అడవిలో అగ్గి అంటే ఇంత బుద్ధిమంతురాలని అనుకునేదాన్ని.

మా అడవిలో అగ్గి తనంతట తాను పుట్టడం అరుదు. పువ్వుకని ఒకరు, బీడీ ఆకు కొత్త చిగురు వేయాలని ఒకరు, లేత గడ్డి రావాలని ఒకరు, జాతరకు పోతూ వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా లేచే భక్తులు కొందరు పుట్టిస్తారు. ఎవరిని అడిగినా పక్కవాడే అంటారు.

ఇంతలో ఊళ్లో అందరి చెలకలూ పత్తి అయ్యాయి. దున్నడానికి ట్రాక్టర్ వచ్చింది. ఆవుల వెంట పోయే మనిషి దొరకడం కష్టమైంది. ఒక్కొక్కరే అమ్ముకున్నారు. చివరికి మిగిలినవి మావే: ఒక ఎర్రావు, ఒక మచ్చావు, ఒక బోడెద్దు.

"పాలియ్యయి, దున్నయి. ఇంకెందుకమ్మా గవి?" అన్నాడు బాపు.

"నువ్వేం ఇస్తున్నవురా నాకు? నిన్ను అమ్మిన్నా?" అంది అవ్వ.

అయినా బాపు వాటిని అంగడికి తోలుకుపోయాడు. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తింది గాని, బాపుతో మాట్లాడాల్సిన మాటలన్నీ నాతో చెప్పించేది, ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే.

వానాకాలం పోయింది. మళ్లీ ఎండాకాలం వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే చెట్టు కింద అగ్గి పెట్టింది, ఎప్పటిలాగే పచ్చికొమ్మతో నిలబడింది. మంట ఎప్పటిలాగే అటువైపు పోయింది. ఎప్పటిలా ఆగలేదు. అవతలి గుట్ట ఎక్కింది. రెండు రోజులు మండింది. అవ్వ గడపలో కూర్చుని ఆ పొగనే చూసింది. ఆమె తిట్టకపోవడం నేను మొదటిసారి చూశాను, భయమేసింది.

మూడో రోజు ఫారెస్టు గార్డు వచ్చాడు. వరి పండే కేతేపల్లి దిక్కు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, మీసం కూడా సరిగా రాలేదు.

"అవ్వా, ఇంకోసారి గిట్లయితే చెట్టు కాడికి నిన్ను రానియ్య. నా నౌకరీ పోతది" అన్నాడు.

అవ్వకు నోరు తిరిగి వచ్చింది. "మీ దిక్కు వరికొయ్యలు అంటువెట్టరా బిడ్డా? గాడ ఎవరిని ఆపినవు?"

"ఆడ గుట్ట లేదవ్వా అంటుకుంటానికి" అన్నాడతను నవ్వాపుకుంటూ. "మరి ఇన్నేండ్ల సంది మంట యాడ ఆగుతుండె? జర చూపియ్యి."

అందరం వెళ్లాం. అవ్వ తన చేతికర్రతో చూపించబోయి ఆగిపోయింది. పశువుల బాట లేదు. దాని జాగాలో కాలిన బోదగడ్డి మొదళ్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా ఉన్నాయి. ఆవులు పోయాక ఒక్క వానాకాలంలో నడుమెత్తు పెరిగిందన్నమాట. ఊరంతా రోజూ ఆ గడ్డి పక్కనుంచే తిరిగాం, ఒక్కరం గమనించలేదు. అగ్గి ఎవరు పెట్టారని ప్రతి ఏడూ కొట్లాడుకునేవాళ్లం గాని, ఎవరు ఆపుతున్నారని అడిగినవాడు లేడు.

అందరం బాపు వైపు చూశాం. బాపు గుట్ట వైపు చూశాడు.

మరుసటి చలికాలం చివర, అవ్వ ఇంటిల్లిపాదినీ పారలూ కొడవళ్లూ చీపుర్లూ పట్టించి గడ్డి చెక్కడానికి బాట మీదికి తోలింది. తోలింది అనే మాట కావాలనే రాస్తున్నాను. కర్ర పట్టుకుని వెనకే నడిచింది. బాపు బోడెద్దు, అమ్మ ఎర్రావు, నేను మచ్చావు. నేను కాసేపు నిలబడి ఫోన్ చూస్తే, "మచ్చావా, మేసింది చాలు, నడువు" అని కర్రతో నేల మీద కొట్టేది. బాపు నడుం పట్టుకుంటే, "బోడెద్దుకు వయసైంది, అంగడికి తోలాలె" అనేది. బాపు మళ్లీ పార అందుకునేవాడు. చెట్టు కింద ఆకును మాత్రం అవ్వ చీపురుతోనే ఊడ్చింది. అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి వచ్చింది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక సాయంత్రం గుట్ట మీద పొగ లేచింది. ఎవరు పెట్టారో తెలియదు, పక్కవాడే అయి ఉంటాడు. మంట గడ్డిని తింటూ మెల్లగా మా చెట్టు వైపు దిగింది. గార్డు కొమ్మ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మేమంతా చెట్టు కింద నిలబడ్డాం. అవ్వ చెయ్యి చెట్టు మీద ఉంది. మంట బాట అంచుకు వచ్చింది. అటూ ఇటూ కొంచెం వెతుక్కుంది. తర్వాత తగ్గిపోయి, పొగై, ఆరిపోయింది.

గార్డు కొమ్మ కింద పడేసి కూర్చున్నాడు. బాపు చేతికి కాచిన కాయలు చూసుకుంటున్నాడు. ఎంతోకాలానికి అవ్వ నేరుగా బాపు ముఖంలోకి చూసింది, కాని మాట మాత్రం గార్డుతో అంది.

"చూసినవా బిడ్డా మా పశువులను? పాలియ్యరు, దున్నరు. గని బాట మంచిగనే తొక్కిండ్రు."