తలుపు పక్క సీటు

కామారెడ్డిలో బస్సు కదలగానే పక్క సీటులోని అమ్మాయి అరచేతులు తొడల కింద పెట్టుకుని, నిటారుగా కూర్చుని పెదవులు కదిపింది. మొక్కుకుంటున్నావా అని అడిగాను.

"కాదంకుల్, అలవాటు," అని నవ్వింది. విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా చేస్తోందట. "ఎగిరేటప్పుడు గిట్లనే కూసుంటం. ఏమన్న అయితే ఏ తలుపు తియ్యాలె, ఎవలను సాయమడగాలె అని మనసుల అనుకుంటం."

ఎల్లారెడ్డిలో ఆమెను చూడటానికి పెండ్లివారు వస్తున్నారట. చాయ్‌లందించే కొలువు మానాలన్నది వాళ్ల షరతు. తండ్రి సరేనన్నాడట.

"చాయ్ ఇచ్చుడు ఒక్క పూటల నేర్చుకున్న. తలుపు తీసుడుకు ఏటేటా పరీక్ష పెడ్తరు. తప్పితే విమానం ఎక్కనియ్యరు. బాపుకు గదే చెప్త."

"ఈ బస్సులో ఎవరి సాయం అడుగుదామనుకున్నావు?"

నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. "ముందు సీట్ల అవ్వను. కండక్టర్‌తోని ఎట్ల కొట్లాడిందో సూశిన్రు గదా."

ఎల్లారెడ్డి బస్టాండులో తండ్రి ఎదురొచ్చాడు. "మానేసినవా బిడ్డా?"

"రెండు దినాల సెలవే పెట్టిన, బాపు."

ఆయన ఆమె చేతిలోని బ్యాగు అందుకున్నాడు.

తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఇప్పుడు బస్సెక్కితే తలుపు పక్కనే కూర్చుంటున్నాను. బస్సు కదిలేటప్పుడు, ఎవరైనా సాయానికి నన్ను ఎంచుకుంటారేమోనని, కాస్త నిటారుగా.