ఓడలో చప్పుడు లేని గది

క్వార్టర్ చూసుకోవడమంటే మా పవర్ ప్లాంటు కాలనీ ఆడవాళ్ళకు గోడలూ నల్లాలూ చూసుకోవడం కాదు. ఖాళీ క్వార్టర్ తాళం తీయించి, నడిమింట్లో చాప పరుచుకుని ఒక పూట కూర్చునేవాళ్ళం. బొగ్గు వ్యాగన్లు బోర్లించే చప్పుడు ఏ పక్క నుంచి వస్తుంది, బెల్టు మీద బొగ్గు పోయే రొద పడకగది దాకా వస్తుందా, వంటింట్లోనే ఆగుతుందా, బాయిలర్ ఆవిరి వదిలినప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయా, అన్నీ చెవితోనే తేల్చుకునేవాళ్ళం. కొత్తగా పెళ్ళై చంద్రపూర్ వచ్చిన పిల్లలు ఈ పని మీద నన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. నేను బాగుందన్న క్వార్టర్‌లో నిద్ర పట్టలేదన్నవాళ్ళు లేరు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

అందుకే మా అమ్మాయి ముంబయి నుంచి గోవా పోయి వచ్చే ఓడలో మా ఇద్దరికీ గది తీస్తానన్నప్పుడు, గది మాత్రం నేనే చూస్తానని చెప్పాను. అమ్మాయికి నాగపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. నాన్న రిటైరైనప్పటి నుంచి ఇల్లు కదలట్లేదని దాని బెంగ. నా బెంగ వేరు. నాకు సముద్రం చూడాలని లేదు, గోవా చూడాలని అసలే లేదు. మా ఆయనా నేనూ మళ్ళీ ఒక్క గదిలో పడుకోవాలి. నాకు కావలసింది అంతే.

రిటైరై, ఊళ్ళోనే టుకుం దగ్గర కట్టుకున్న మా సొంతింటికి వచ్చిన కొన్నాళ్ళకే ఆయన దిండు చంకన పెట్టుకుని ముందు గదిలోకి మారారు. ఎందుకని అడిగితే హాల్లో గాలి బాగా తగులుతుందన్నారు. ఎండాకాలం కదా, సరేననుకున్నాను. ఇక్కడ కూలరు లేని ఇల్లుండదు, అది తిరగని రాత్రీ ఉండదు. కానీ దసరా దాటితే అందరూ కూలరు తుడిచి గోనెపట్టా కప్పేస్తారు. మా ఇంట్లో పుష్యమాసం చలిలో కూడా కూలరు తిరిగేది. నీళ్ళు పోయకుండా ఉత్త ఫ్యాను. దాని పక్కనే ఈయన ముసుగుతన్ని కంబళి కప్పుకుని పడుకునేవారు. భావూకి, అంటే అన్నకి, అంత వేడేమిటని పక్కింటి మరాఠీ ఆవిడ నవ్వుతూ అడిగింది. నేనూ నవ్వాను గానీ ఒళ్ళు మండిపోయింది.

నేను వాగుడుకాయనే. పుట్టింట్లోనూ అదే పేరు. పొద్దున లేచింది మొదలు పాలవాడి సంగతి, రాజురాలో ఉన్న మా అన్నదమ్ముల పత్తి చేల సంగతి, టీవీలో చూసిన సంగతి, ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. రాత్రి దీపం తీశాక చెప్పేవి మరీ ఎక్కువ. ఈయనకు ఇన్నేళ్ళూ షిఫ్టులుండేవి గనుక నా మాటల నుంచి తప్పించుకోవడానికి ప్లాంటు ఉండేది, ఇప్పుడు హాలు దొరికిందని అనుకున్నాను. అనుకుని ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి నేను విసుగైపోయానంటే ఇక ఎవరితో చెప్పుకుంటాం?

ఒక ఆదివారం అమ్మాయి వచ్చి ల్యాప్‌టాప్‌లో ఓడ బొమ్మ తెరిచింది. ఒక్కో అంతస్తూ విడిగా, గదులన్నీ గళ్ళుగళ్ళుగా ఉన్నాయి. నాకది కొత్తగా అనిపించలేదు. పైన ఈతకొలను ఉండొద్దన్నాను, కింద వంటశాల ఉండొద్దన్నాను. లిఫ్టు పక్కన వద్దు, మెట్ల దగ్గర వద్దు. ముందు భాగంలో లంగరు గొలుసు గలగలలాడుతుంది, వెనక భాగంలో ఇంజను. మధ్యలో, పైనా కిందా అటూ ఇటూ అన్నీ పడకగదులే ఉన్న చోట కిటికీ లేని గది ఒకటి దొరికింది. ఇదే కావాలన్నాను. ఇక చప్పుడుకు తావే లేదు, గది నిండా మేమిద్దరమే.

ఆయన కళ్ళజోడు పెట్టుకొచ్చి వంగి చూశారు. అన్నిటికంటే కింది అంతస్తులో, వెనక మూలనున్న గడి మీద వేలు పెట్టారు. అది మంచిగుంటది, సక్కగా ఇంజను మీదికొస్తది అన్నారు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. రిటైరైనా మిషన్ల మోజు తీరలేదా, ఓడ ఎక్కి కూడా డ్యూటీ చేస్తారా అని కడిగేశాను. ఆయన మొక్కలకు నీళ్ళు పెట్టడానికి పోయారు. అమ్మాయి ఆయన వంకా నా వంకా చూసి, నేను చెప్పిన గదే తీసింది.

బల్లార్షాలో రైలెక్కి ముంబయి చేరి, మర్నాడు మధ్యాహ్నానికి ఓడ ఎక్కాం. భోజనం చేసి గదికి వచ్చాం. తలుపు వేయగానే చెవుల్లో దూది పెట్టినట్టైంది. అలవాటు కొద్దీ మంచం మీద కాసేపు కదలకుండా కూర్చుని విన్నాను. పక్క గది చప్పుడు లేదు, పై గది చప్పుడు లేదు, ఏసీ ఉందో లేదో కూడా తెలియలేదు. ఇంత మంచి గది ఈ ఓడలో ఇంకొకటి ఉండదని సంబరపడ్డాను.

కాసేపు నడుం వాలుద్దామని లైటు తీశాను. కిటికీ లేదేమో, పట్టపగలే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఎన్నాళ్ళకో ఆయన పక్కన పడుకున్నాను. నేను విసుగైపోయానా అన్న మాట అప్పుడు అడిగేశాను, మెల్లగా.

"నాతోని యాష్టకొచ్చిందా మీకు?"

ఆయన పలకలేదు. నిద్రపోలేదని నాకు తెలుసు, అటూ ఇటూ పొర్లుతూనే ఉన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ పలకలేదు. లేదని అబద్ధానికైనా అనొచ్చు కదా. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. లేచి లైటు వేశాను.

ఆయన మంచం అంచున కూర్చుని, రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉన్నారు. అంత చల్లని గదిలోనూ నుదుటి మీద చెమట. నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఏమైందని అడిగాను. ఆయన నా కళ్ళ వంక కాదు, నా నోటి వంక చూశారు.

"నువ్వు ఏమన్న అన్నవా?"

అప్పుడు చెప్పారు. ప్లాంటులో టర్బైన్ లోపల బేరింగు ఎలా ఉందో తెలుసుకోవడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మిషన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారట. అందుకు చెవులకు పెట్టుకున్న రక్షణ తీసేయాలి. కుర్రవాళ్ళను పెట్టుకోమని తిడుతూ తను మాత్రం తీసేసేవారు. సారు చెవి మీటరు కంటే నయం అని వాళ్ళంటే మురిసిపోయేవారు. ఇప్పుడా చెవుల్లో ఎప్పుడూ ఒకటే కూత, ఆవిరి లీకైనట్టు. చుట్టూ రొద ఉంటే అది అణిగి ఉంటుంది, నిశ్శబ్దంగా ఉంటే లేచి కూర్చుంటుంది. దాని కింద మనుషుల మాట కలిసిపోతుంది. పగలు నా పెదవులు చూసి నెట్టుకొస్తున్నారు. చీకట్లో అదీ లేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చీకట్ల నువ్వు ఏందో చెప్తుంటవు. ఎన్నిసార్లని అడగాలె? సిగ్గైంది."

నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నాగపూర్‌లో ఇంతమంది చెవి డాక్టర్లుండగా ఈ దాపరికమేమిటని తిట్టాను. తిడుతూనే చెయ్యి పట్టుకుని కింద కౌంటరు దగ్గరికి తీసుకుపోయాను. అక్కడున్నది మరాఠీ పిల్ల. గది మార్చమని మరాఠీలోనే అడిగితే, చప్పుడు వస్తుందా కాకూ అని పిన్నిని పిలిచినట్టు పిలిచి, ఇంకా ప్రశాంతమైనది చూస్తానంది. చప్పుడు రావట్లేదు, అదే మా బాధ, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే రొదగా ఉండే గది ఇయ్యమన్నాను. ఆ పిల్ల నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. ఎవరికి ఇచ్చినా తిరిగొచ్చి గొడవ పెడతారట, అలాంటిది వెనక ఒకటి ఖాళీగానే ఉందంది.

సాయంత్రం ఓడ కదిలేసరికి మా పెట్టెలు ఆ గదికి చేరాయి. కింద నుంచి ఒకటే హోరు. అరికాళ్ళలో సన్నగా అదురు, అల్మారా మీద గాజు గ్లాసు తనంతట తానే అంగుళం జరిగింది. క్వార్టరైతే అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోనిచ్చేదాన్ని కాదు. ఆయన మాత్రం మంచం మీద వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలారు. ఎన్నాళ్ళ నుంచో బిగబట్టుకున్న భుజాలు దిగడం నా కళ్ళతో చూశాను.

లైటు తీయలేదు. ఆయనకెదురుగా, ముఖం కనబడేలా కూర్చున్నాను. చీకట్లో అడిగిన మాటే మళ్ళీ అడిగాను, ఈసారి గోడ అవతలి మనిషిని పిలిచినంత గట్టిగా. యాష్టకొచ్చే హాల్లోకి పోయారా అని కూడా కలిపాను. నేను అడగడం అయిపోయాక కూడా ఆయన కాసేపు నా పెదవుల వంకే చూశారు.

"యాష్టనా? నీ పక్కన పండి నీ మాట ఇనకుండ ఉండుడు నాతోని కాలే."

ఇంజను హోరులో సరిగా వినపడలేదని అబద్ధమాడి, ఇంకోసారి చెప్పించుకున్నాను.