చదును పలక

నా చిన్నప్పుడు, మా ఊరు సిరిగేరిలో మా వరి మడికి కాలువ నీళ్లు వచ్చిన వారమే, మా నాన్న నన్ను బెంగళూరు హాస్టల్లో వేయాలని నిర్ణయించాడు. నేను వెళ్లనని అన్నం మానేసి ఏడ్చాను. ఎవరూ కరగలేదు. చివరికి మా తాత నన్ను మడికి తీసుకెళ్లాడు.

ట్రాక్టరు దమ్ము చేసి వెళ్లినా, నాట్లకు ముందు బురదను చదును చేసే పని మాత్రం తాత ఎడ్లతోనే చేసేవాడు. ఎడ్ల వెనక పొడవాటి చెక్క పలక కట్టి, దాని మీద తానే బరువుగా నిలబడి తోలేవాడు. ఆ రోజు నన్నూ ఎక్కమన్నాడు.

"ఆ గట్టు దాకా పడకుండా నిలబడుకో. పిల్లోన్ని పంపద్దని మీ నాయనకు నేను చెప్తా."

నేను ఆయన నడుము గట్టిగా పట్టుకున్నాను. చర్నాకోల పిడితో నా వేళ్ల మీద కొట్టాడు. "నన్ను పట్టుకోవాకు. ఇడువు." వదిలాను. పలక ఒక మట్టిగడ్డ మీద ఎగిరింది. కాళ్లు కర్రల్లా బిగించి ఉన్నానేమో, ముఖం బురదలో పడింది. తాత ఎడ్లను ఆపలేదు, వెనక్కి చూడలేదు. ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడు కదులుతున్న పలక మీదికే ఎక్కమన్నాడు.

మళ్లీ పడ్డాను. పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. నారు కట్టలతో గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది.

"ఏమప్పా బెంగళూరు దొరా, మా బురద రుచిగా ఉండాదా?" అని ఒకామె అడిగితే మిగతావాళ్లు విరగబడి నవ్వారు.

ఎన్నిసార్లు పడ్డానో తెలియదు. చివరికి ఏడవడానికి కూడా ఓపిక లేక మోకాళ్లు వదులయ్యాయి. అప్పుడు పలక ఎగిరినా నేను ఎగరలేదు. ఆ కుదుపు మోకాళ్లలోనే ఆగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఇంజనీరింగులో షాక్ అబ్జార్బర్ పాఠం చెబుతుంటే, అది నా ఒంటికి ఎప్పుడో తెలుసు కదా అనుకున్నాను. అలా నిలబడి అవతలి గట్టు చేరాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

సద్ది తెచ్చిన మా నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. తాత కాలువలో కాళ్లు కడుక్కుంటూ ఆయనతో అన్నాడు: "రేపే పిల్చుకపో. వీడు యాడన్నా నిలబడతాడు."

"తాతా, పంపద్దని చెప్తానంటివే!"

"పడతానే ఉండింటే చెప్తాంటి. పడకపోతివి గదప్పా."

ఈసారి మా నాన్న కూడా నవ్వాడు. మర్నాడు బస్సెక్కించారు.

ఆ తర్వాత నేను బెంగళూరు విడిచి రాలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చే బస్సులో కాలు పెట్టే చోటుండదు. బ్రేకు వేసినప్పుడల్లా జనం కడ్డీలకు వేలాడి ఒకరినొకరు తిట్టుకుంటారు. నేను దేన్నీ పట్టుకోను. మోకాళ్లు వదిలి నిలబడతాను. ఆ కాసేపు మేనేజరు అరుపులు, అద్దె, ట్రాఫిక్ ఏవీ నన్ను తాకవు. ఈ నగరంలో నాకున్న ప్రశాంతత అదొక్కటే. అది తాత ఇచ్చిందే. అయినా ఆయన పోయినప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు.

ఎప్పుడైనా బస్సు గట్టిగా కుదిపితే, ఈసారైనా పడిపోదామని అనిపిస్తుంది. నోట్లో ఆ బురద రుచి వస్తుంది. మోకాళ్లు మాత్రం నా మాట వినవు.