నాగమ్మక్క పడవకు చక్రాలు

1946 ఎండాకాలం. మాచర్లలో రైలు స్టేషనుకు పోయే దారిలో నాకొక రేకుల షెడ్డు ఉండేది. సైకిలు మొదలుకొని ఆయిలింజను దాకా, తిరిగేది ఏదైనా సరే నా చేతుల్లోకి రావాల్సిందే. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచినప్పుడు, ఆ బాయిలర్లు తుడిచీ తుడిచీ నా మొహం కూడా ఆ రంగుకే వచ్చింది. నా పనంటే నాకు చానా గర్వం. మస్తాను గాలి కొట్టిన టైరు మీద సుత్తి వేస్తే సుత్తే ఎగిరిపడాలని ఊరందరికీ నేనే చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ భుజాన తాడు చుట్ట వేసుకొని వచ్చింది. తాడుకు అక్కడక్కడా ముడులున్నాయి.

"అన్నా, ఇది మా పడవ కొలత. ఈ ముడి నుంచి ఈ ముడికి పొడుగు, ఇక్కణ్ణుంచి ఇక్కడికి వెడల్పు. దీనికి చక్రాలు కావాల."

నాకు నవ్వొచ్చింది. "పడవకు చక్రాలేందక్కా? కృష్ణలో నీళ్ళు అయిపోయినయ్యా?"

"సగం అయిపోయినయ్యి. అందుకే వచ్చా," అంది నవ్వకుండా.

ఆమె పేరు నాగమ్మ. గురజాల అవతల కృష్ణ ఒడ్డున వాళ్ళది రేవు నడిపే కుటుంబం. చిన్న తెరచాప పడవ ఒకటే ఆధారం. ఎండలు ముదిరితే అక్కడ ఏరు రెండు పాయలుగా చీలి, నడుమ ఇసుక మేట లేస్తుంది. అవతలి గట్టుకు పోవాలంటే ఈ పాయ దాటాక పడవను ఇసుక మీదుగా మోసుకెళ్ళి రెండో పాయలో దించాలి. మొగుడున్నప్పుడు ఆయనా, ఆయన తమ్ముడు కోటయ్యా, మరో నలుగురూ కలిసి మోసేవాళ్ళు. మొగుడు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కోటయ్యకు అవతలి గట్టున రాళ్ళ క్వారీలో పని దొరికింది. మోసే మనుషులు లేని పడవ మనకెందుకు, వచ్చే సంత నాటికి అమ్మేద్దామని కూర్చున్నాడు.

"మీ అత్తాకోడళ్ళిద్దరే దాన్ని ఇసుక దాటిస్తే మళ్ళీ అమ్మకం మాట ఎత్తనన్నాడు. కూలికి పోవడం నాకేం నామోషీ కాదన్నా. కానీ ఆ పడవెక్కితేనే నాకు ప్రాణం లేచొస్తది. కాస్త చవకలో అయ్యేట్టు చూడు," అంది నాగమ్మ. అంతదాకా గట్టిగా మాట్లాడిన మనిషి, ఆ చివరి మాట దగ్గర తాడు వంక చూస్తూ ఉండిపోయింది. చేస్తానని మాటిచ్చేశాను.

ఇలాంటి బండిని ఇంగ్లీషులో డాలీ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మాకు మాత్రం అది పడవబండి. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న సామాన్లలోంచి రెండు పాత జీపు చక్రాలు తెచ్చాను. చెడిపోయిన బస్సు కింది కడ్డీని కోసి యాక్సిల్ చేశాను, అంటే ఇరుసు. బేరింగులు కొనే పని పెట్టుకోకుండా తుమ్మ చెక్కతో బుష్షులు తొలిచి ఆముదం పట్టించాను. చక్రానికీ ఇరుసుకూ నడుమ రాపిడి లేకుండా ఉండే గొట్టాన్నే బుష్షు అంటారు. ఇరుసు మీద పడవ అడుగు ఒంపుకు సరిపోయేలా రెండు దూలాలు చెక్కి వాటికి గోనెపట్టా చుట్టాను. టైర్లకు గాలి కొట్టాను చూడండీ, నా చేతులు పీక్కుపోయినయ్యి. సుత్తి ఎగిరిపడింది.

ఎడ్లబండి మీద దాన్ని రేవుకు తీసుకెళ్ళాం. పడవలో వేసుకొని మొదటి పాయ దాటాక, ఇసుక మేట అంచున నీళ్ళలోకి బండిని దింపాం. అది మునిగితే దాని మీదికి పడవను తేల్చి, తాడేసి కట్టి, బయటికి లాగాలనేది నా ఎత్తు. తీరా చూస్తే బండి మునగలేదు. బాతు మాదిరిగా తేలుకుంటూ ఏటి వాలున పోసాగింది. నేను లుంగీ ఎగ్గట్టి దాని వెనక పడ్డాను.

అంకమ్మ, అంటే నాగమ్మ అత్త, పడవలో కూర్చునే పకపకా నవ్వింది. "ఒరేయ్ మస్తానూ, మా పడవకన్నా నీ బండే బాగా తేలుతుందిరా. దీన్నే రేవులో తిప్పుకుంటాంలే."

చివరికి నాగమ్మ ఎక్కి నిలబడితే ఆ బరువుకు బండి మునిగింది. పడవను పైకి తేల్చి కట్టాం. అంకమ్మ దిగలేదు, మోకాళ్ళ నొప్పులు. నాగమ్మ వెనక నుంచి తోసింది. నీళ్ళలోంచి బయటికి రావడం బాగానే వచ్చింది, ఇసుకలోకి రాగానే కుడి చక్రం జానెడు లోతు దిగి కూర్చుంది. పడవ అక్కడికక్కడే గుండ్రంగా తిరుగుతుంది తప్ప ముందుకు కదలదు. నీళ్ళలో మునగాల్సింది తేలింది, ఇసుక మీద తేలాల్సింది మునిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మాతో వచ్చిన కోటయ్య చేతులు కట్టుకొని చూస్తున్నాడు. "అయిందా వదినా? ఇంక పోదామా?"

నాగమ్మ చీర కుచ్చెళ్ళు బిగించి మళ్ళీ తోసింది. నేను చక్రాలు చూశాను. ఎడమ దాంట్లో వాల్వు, అదే ట్యూబులోకి గాలి పోయే గొట్టం, ఎక్కడో కారుతోంది. సగం గాలి పోయి టైరు చప్పబడింది. నేను చేసిన బండికి చప్పబడ్డ టైరా! తల కొట్టేసినట్టయింది. పంపు తీసుకొని దానికి గాలి కొట్టబోయాను.

అంకమ్మ పై నుంచి అరిచింది. "ఏందిరా అది, నడిచే చక్రాన్ని కూడా చెడగొడతావా?"

అప్పుడు చూశాను. కుడి చక్రం లోతుగా గాడి కోసింది. ఎడమది వెడల్పుగా పరుచుకొని ఇసుక మీద అచ్చు వేసినట్టు వచ్చింది, అంతే. మెకానిక్కుకు సగం గాలి టైరంటే చొక్కా లేకుండా బజారుకు పోయినంత సిగ్గు. అయినా వంగి కుడి వాల్వు నొక్కాను. గాలి బుస్సున పోతుంటే నా గర్వం కూడా దాంతోపాటే పోయింది. రెండు టైర్లూ చప్పబడ్డాయి. నాగమ్మ తోసింది. పడవ కదిలింది.

సగం దూరం పోయేసరికి ఆమె రొప్పుతోంది. ఇసుక కాలిపోతోంది. నేను చెయ్యి వేయబోతే, "వద్దన్నా, మాట మాటే," అంది. ఇంతలో మధ్యాహ్నపు పడమటి గాలి లేచింది. ఏం తోచిందో ఏమో, అంకమ్మ చాప తాడు లాగింది. తెరచాప విచ్చుకుంది.

"ఏమే నాగా, ఇంక ఊరికే పట్టుకొని రా," అంది.

పడవ ఇసుక మీద నడిచింది. ముందు మెల్లగా, తర్వాత నడక వేగంతో, తర్వాత నాగమ్మ పరిగెత్తాల్సి వచ్చింది. వెనక నేనూ పరుగే. "గాలి సాయం లెక్కలోకి రాదు," అని కోటయ్య కేక పెట్టాడు. "గాలేమన్నా మనిషా, మొయ్యమని పిలవడానికి?" అని నాగమ్మ పరిగెడుతూనే అంది. అప్పుడు మొదటిసారి ఆమె నవ్వడం చూశాను. నోరారా, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. నాక్కూడా కళ్ళలో నీళ్ళు తిరిగినయ్యి, ఇసుక పడిందని తుడుచుకున్నాను.

పడవ అదే ఊపులో రెండో పాయలోకి దిగింది. నాగమ్మ ముడి లాగేసి ఎక్కేసింది. కట్టు విడిన బండి మళ్ళీ తేలి ఏటి వెంబడి బయల్దేరింది. నేను అందుకునేలోపే కోటయ్య బట్టలతోనే నడుముల్లోతు నీళ్ళలోకి దూకాడు. దాన్ని పట్టుకొని, లాక్కొచ్చి, ఇసుక మీద పెట్టి, ఇరుసుకు అంటిన నాచు చేత్తో తుడిచాడు. పడవ వైపు చూడకుండా అడిగాడు:

"వదినా, రేపు మొదటి పడవ ఎన్నింటికి వదులుతున్నావు? నన్ను క్వారీకి పోను అవతలి గట్టున దించాలి."

ఆ తర్వాత ఎవరు ఏ బండి చెయ్యమని వచ్చినా, ముందు అది తిరిగే నేల చూపించమని అడిగేవాణ్ణి. టైరును సుత్తితో కొట్టి చూపించడం మానేశాను. పని అయిపోయిందని చెప్పడం కూడా మానేశాను. ఆ మాట తోసుకుపోయేవాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా, పంపు చేతిలో పట్టుకొని వాళ్ళ వెంబడే నడిచేవాణ్ణి.