ఫ్యూజు మార్చనివ్వని బాబాయిగారు

పటమటలో మా పక్కింటి బాబాయిగారు పోయారని మొన్న ఆదివారం కబురొచ్చింది. చర్చి నుంచి వచ్చి, కాఫీ అడిగి, అది తెచ్చేలోగా కుర్చీలోనే వెళ్లిపోయారట. ఒక్క మాటైనా చెప్పకుండా పోయినందుకు నాకు ఆయన మీద కోపంగానే ఉంది.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యారు. ఏ పనికైనా ముందు వాచీ, ఉంగరం తీసి ఎదుటివాళ్ల చేతిలో పెట్టేవారు. "మార్చే ముందు వెతకాలి" అనేది ఆయన మాట. నేను ఇవాళ్టికీ కోళ్లు పెంచుతున్నానంటే అది ఆయన చలవే.

నాలుగేళ్ల కిందట గుడ్లు పొదిగించే కరెంటు పెట్టె కొని వెనక గదిలో పెట్టాను. మొదటి విడత గుడ్లన్నీ మురిగిపోయాయి. రెండోదీ పోతే పెట్టె అమ్మేద్దామని మా మామగారు తేల్చి చెప్పేశారు. ఇంకో రెండు రోజుల్లో పిల్లలు రావాలనగా, ఒక మధ్యాహ్నం పెట్టె చల్లబడింది. ఫ్యూజు మార్చిన ప్రతిసారీ వెంటనే పోతోంది. పరుగున వెళ్లి బాబాయిగారిని పిలుచుకొచ్చాను.

"ఫ్యూజుకి లావు తీగ కట్టేద్దామా అండీ?" అన్నాను.

"కట్టు. గుడ్లతోపాటు ఇల్లూ ఉడుకుద్ది," అన్నారు.

గుడ్ల మధ్య వేడినీళ్ల సీసాలు పెట్టించి, పైన దుప్పటి కప్పించారు. హీటరు బాగానే ఉంది. దాన్ని ఆన్ చేసే తక్కువ వోల్టేజీ వైర్లలోనే ఎక్కడో షార్టు. ఫ్యూజు ఉండే చోట చిన్న బల్బు తగిలించారు.

"ఇది వెలుగుతున్నంతసేపూ తప్పు ఉన్నట్టేనమ్మాయ్. ఆరిందా, దొరికినట్టే."

ఒక్కో వైరూ ఊడదీస్తూ వచ్చారు. గోడ వెంట పెట్టెలోకి వెళ్లే వైరు తీయగానే బల్బు ఆరింది. దాన్ని వేళ్లతో తడుముకుంటూ వెళ్లి క్యాలెండరు దగ్గర ఆగారు. పిల్లలొచ్చే రోజు గుర్తుపెట్టుకోవడానికి ఆ పొద్దున్నే నేను తగిలించిన క్యాలెండరది. మేకు సరిగ్గా వైరు మధ్యలోంచి దిగింది.

"ఎవరు కొట్టారిది?"

"నేనేనండీ." ఏడుపొచ్చేసింది.

"ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. సీసాల్లో నీళ్లు మార్చు."

వైరు అతికించాక పెట్టె మళ్లీ వేడెక్కింది. గుడ్లలో ప్రాణం ఉందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనే ఒక గుడ్డు తీశారు. ఫ్యాక్టరీ మోతకి చెవులు దెబ్బతిన్న మనిషి, లోపలి పిల్ల సన్నటి కూత వినపడదు. అందుకే కళ్లు మూసుకుని దాన్ని చెంపకు ఆనించుకున్నారు.

"తన్నుతోందమ్మాయ్," అన్నారు, గుడ్డు దించకుండానే.