వర్లీన్ కిరీటం

మా ఒహైయో మైదానంలో ఏటా సెప్టెంబరులో రాజులకాలం వేషాల జాతర జరుగుతుంది. పంతొమ్మిదేళ్లు రాణిగా ఊరేగిన వర్లీన్‌ను ఈసారి వయసైపోయిందని బట్టలుతికే ముసలమ్మ వేషానికి దింపారు, దిక్కుమాలిన వెధవలు. ఆమె మొగుడు డ్వేన్‌కు మతిమరుపు జబ్బు. ఆమె కిరీటం పెట్టుకుంటే తప్ప పెళ్లాన్ని గుర్తుపట్టడు.

నేను టర్కీ కోళ్లు కాల్చే పొయ్యి ముందుకే రాణి ఊరేగింపు వచ్చింది. రాణి ఎదురైతే వేషం కట్టినవాళ్లమంతా మోకాళ్లమీద కూర్చుని తల వంచాల్సిందే. డ్వేన్ పరుగున వచ్చి కొత్త రాణి చెయ్యి పట్టుకున్నాడు.

"వర్లీన్, ఎక్కడికెళ్లిపోయావే? ఇంట్లో ఎవరో ముసలిది తిరుగుతోంది. నాకు భయమేస్తోంది, వచ్చెయ్యవే."

పక్కనే బురదలో మోకాళ్లమీదున్న వర్లీన్ తల ఎత్తకుండానే ఆ రాణి పిల్లతో అంది:

"వస్తానని చెప్పు తల్లీ."