నా బిడ్డను నా బడిలో చేర్చిన ఏడాది

బడులు తెరిచిన వారం అది. ఆత్మకూర్ (ఎస్) మండలంలో నేను పనిచేసే ప్రాథమిక పాఠశాలకు పిల్లల కోసం, నేనూ, నాతో పనిచేసే ఇంకో టీచరు మా సారూ ఇంటింటికీ తిరుగుతున్నాం. కూలికి పోయే ఒక తల్లి గడపలో కూర్చుని కూతురికి జడ వేస్తోంది. ఆ పాప పసుపు బస్సెక్కి సూర్యాపేటలో ప్రైవేటు బడికి పోతుంది.

"మా బడికి పంపమ్మా, మంచిగ చెప్తం" అన్నాను.

ఆమె కోపం లేకుండానే అడిగింది. "మరి నీ బిడ్డ యాడ సదువుతది మేడం?"

నా కూతురు ఎక్కేదీ అలాంటి బస్సే. పక్కింటికి నడిచాను కానీ, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

నా భర్తది కోదాడ. సూర్యాపేటలో కరెంటు సామాన్ల దుకాణం నడుపుతాడు. పాపను నా బడికి తీసుకుపోతానంటే గుడ్లురిమాడు. "నీకేమన్నా పిచ్చా? దాని జీవితంతో ప్రయోగాలు చేస్తావా?" చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి "ఒక్క ఏడాది చూద్దాం, ఏదన్నా తేడా వచ్చిందో నేనూరుకోను" అన్నాడు. మూడో తరగతిలో చేర్చాను. అటెండెన్సులో పాప పేరు నేనే రాశాను.

భయపడ్డట్టే అయింది. వానలు పడేసరికి మా సారుకు బదిలీ వచ్చింది. ఆయన చోట ఎవరూ రాలేదు. అయిదు తరగతులకు నేనొక్కదాన్నే మిగిలాను. ఒక గదిలో పెద్దపిల్లలకు లెక్కలు చెబుతుంటే, రెండో గదిలో గోల. ఆ గోలలో నా బిడ్డ గొంతు కూడా వినిపించేది. ఇంటికెళ్తూ స్కూటీ మీద "ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్ రా?" అని అడగాలంటే భయం. అడిగితే "నువ్వు మా క్లాసుకు రాలేదు గద మమ్మీ" అంటుంది.

శ్రావణంలో మిర్యాలగూడలో మా అన్న కొత్తింట్లోకి దిగాడు. బంధువులంతా కూర్చున్న చోట పాపను పిలిచి, ఇంగ్లిష్ పేపర్లో ఒక వరుస చదవమన్నాడు. పాప రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోయింది. నా వైపు చూసింది.

"గిదేనా మీ బడి? మందికి చెప్పుడు కాదు, మన పిల్ల ఆగమైతుంది చూస్కో" అన్నాడు అన్న.

నా భర్త పేపరు మడిచి పక్కన పెట్టి లేచిపోయాడు. దానికే ఎక్కువ భయపడ్డాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాప నా ఒళ్లో నిద్రపోయింది. దాని నుదుటి మీద చెయ్యి వేసి, నేనే దీన్ని బావిలోకి తోస్తున్నానేమో అనుకున్నాను. అప్పుడే ఇంకొకటి తట్టింది. మా బడిలో ప్రతి పిల్ల వెనకా ఇలా వణికే తల్లి ఒకామె ఉండే ఉంటుంది. నాకైతే పాపను ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్రైవేటు బడికి వెనక్కి పంపే దారి ఉంది, వాళ్లలో చాలామందికి అదీ లేదు.

మండల విద్యాధికారి దగ్గరికి పోయి ఇంకో టీచర్ని ఇమ్మన్నాను. మళ్లీ పోయాను. "అందరికీ కొరతే ఉన్నదమ్మా. ఊరోళ్లకు లేని పరేషాన్ నీకెందుకు?" అన్నారాయన.

ఊరివాళ్లకు ఆ దిగులు లేక కాదు, ఎవరిని అడగాలో తెలియక. పొద్దుగూకే ముందు చేల నుంచి వచ్చే తల్లులను బడి దగ్గర ఆపి, అయిదు తరగతులకు నేనొక్కదాన్నేననీ, అడగాల్సింది మండల ఆఫీసులోననీ ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. అధికారి మీదికి ఊరిని ఎగదోసిందని నన్ను సస్పెండ్ చేస్తే? "మీరు బతిమాలితే పిల్లల్ని తోలినం, ఒక్క టీచరేనా?" అని వీళ్లే పిల్లల్ని మాన్పిస్తే?

మర్నాడు వాళ్లు పని మానుకుని రెండు ఆటోల్లో ఆఫీసుకు పోయారు. నేను సెలవు పెట్టలేదు, బడిలోనే ఉన్నాను. ప్రతి ఫోన్‌కూ ఉలిక్కిపడ్డాను. మధ్యాహ్నం అధికారి నుంచే వచ్చింది. "నువ్వే పంపినవా అమ్మా వీళ్లను?"

"అవును సార్. నా బిడ్డ గూడ గా బడిలనే ఉన్నది."

"దసరా ఎళ్లినంక చూస్తా" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

దసరా తర్వాత పక్క ఊరి బడి నుంచి ఒక టీచరమ్మను తాత్కాలిక సర్దుబాటు మీద పంపారు. ఆమె చిన్నపిల్లలను తీసుకుంది. నేను పాప తరగతికి పోగలిగాను. చలికాలానికి పిల్లలు తడబడుతూనే చదవసాగారు. తల్లులు ఇప్పుడు చేలకు పోతూ కిటికీ దగ్గర ఆగి "చెప్తున్నరా మేడం?" అని అడిగేవారు. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. ఒక రోజు టీచర్ల శిక్షణ తరగతుల్లో, దేశంలో బడులు బాగుపడాలంటే ఏం కావాలని మమ్మల్ని అడిగారు. కొందరు భవనాలన్నారు, కొందరు కంప్యూటర్లన్నారు. నాకు కిటికీ దగ్గర ఆగి అడిగే ఆ తల్లులు గుర్తొచ్చారు. కానీ లేచి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఏడాది గడిచింది. ఏప్రిల్లో నా భర్త పాపను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు పాఠం చదివించాడు, తర్వాత ఇంగ్లిష్. ఇంగ్లిష్‌లో రెండు చోట్ల ఆగింది. ఆయన పుస్తకం మూసి, "ఇంకో ఏడాది చూద్దాంలే" అన్నాడు.

ఆ టీచరమ్మ సర్దుబాటు అదే నెలతో అయిపోయింది. జూన్‌లో మళ్లీ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేదు. ఆఫీసు నుంచి కబురొస్తుందేమోనని సెలవులంతా ఫోన్ చేతిలో పెట్టుకునే తిరిగాను.